ఏడో నంబరు గ్లాసు

ఆరో గ్లాసు పక్కన పెట్టి వెండెలీన్ ఒక రొట్టెముక్క నమిలాడు. నీళ్ళు పుక్కిలించి బకెట్లో ఉమ్మాడు. చేతులు తువాలుకు తుడుచుకొని ఏడో గ్లాసు ముందుకు లాక్కున్నాడు.

ఆ శనివారం ఫైర్ స్టేషన్ హాల్లోంచి రెండు బళ్ళనూ బయటికి తోలి బల్లలు వేశారు. డీజిలు వాసన పోలేదని పొద్దున్నే వచ్చి తలుపులన్నీ తెరిపించింది అతనే. లిబ్నో ఊళ్ళో ఇంట్లో బీరు కాచుకొనేవాళ్ళు ఈసారి పదిహేడుమంది పోటీకి సీసాలు తెచ్చారు. షరతు ఒకటే. బీరులో వేసే హాప్ పూలు ఈ లోయలో పూసినవై ఉండాలి. గెలిచినవాళ్ళ పీపాను వచ్చే శనివారం కోత పండగలో అన్నిటికంటే ముందు తెరుస్తారు. పీపా మీద వాళ్ళ పేరు రాస్తారు. ఏడాదంతా ఆ పేరు సారాకొట్టు గోడమీద ఉంటుంది.

సీసాలకు వార్తాపత్రిక కాగితాలు చుట్టి, తెర వెనక మూతలు తీసి, గ్లాసుల్లో పోసి నంబరు చీటీలతో పంపుతున్నాడు బీరు కాచేవాళ్ళ సంఘం అధ్యక్షుడు యారొమిల్. సీసాలు తెచ్చినవాళ్ళు తమ తమ నంబర్లు తెలుసుకొని వెనక వరసల్లో కూచొని చూస్తున్నారు. న్యాయనిర్ణేతలు ముగ్గురైనా మిగతా ఇద్దరూ పెన్సిల్ పట్టుకొని వెండెలీన్ ముఖమే చూస్తున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను హాప్స్ కొనే గిడ్డంగిలో వాసన చూసి రకం తేల్చే మనిషి. అతను ముక్కు చిట్లిస్తే బస్తా వచ్చిన బండిలోనే తిరిగి వెళ్ళాల్సిందే.

గ్లాసు మీద అరచెయ్యి మూసి, ఒకసారి తిప్పి, చెయ్యి తీశాడు. కళ్ళు వాటంతట అవే మూసుకున్నాయి. తడిసి ఆరిన మట్టి, ఎండుగడ్డి, దాని వెనక ఎక్కడో కొంచెం మిరియం. ఆ వాసన తెలిసినదే, కానీ చాలాకాలంగా ఎదురుపడనిది. పాత కొట్టు అటక మీద గోనెసంచులు దులిపినప్పుడు లేచే గాలిలా ఉంది. అతను ఇంకో ఊపిరి తీసుకోబోయాడు.

అప్పుడు తెర కిందనుంచి ఒక సీసామూత దొర్లుకుంటూ వచ్చి అతని బూటుకు తగిలి పడిపోయింది. ఆకుపచ్చ మూత.

పొద్దున హాలు తలుపులు తెరిపిస్తూ అతను చూశాడు. అందరి సీసాలకూ బంగారు రంగు మూతలు. చౌరస్తాలో కిరాణా కొట్టు నడిపే వియత్నాం ఆవిడ హానా మాత్రం ఆకుపచ్చ మూతలున్న క్రేటు పొత్తికడుపుకు ఆనించుకొని మెట్లెక్కింది. హానా ఆవిడ అసలు పేరు కాదు, పలకడం తేలికని ఊరు పెట్టుకున్న పేరు. అతను ఆ మూతను బూటు మడమతో బల్ల కిందికి నెట్టి మళ్ళీ వాసన చూశాడు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఈసారి మట్టికి పైన ఏదో పుల్లగా తగిలింది. నారింజ తొక్కా? పంపరపనసా? వెతికితే అదే. అవును, పంపరపనసే.

“ఇది మన హాప్ కాదు,” అన్నాడు. “బయటిది. అమెరికాది కావచ్చు.”

పక్కనున్న ఇద్దరూ తమ కాగితాల్లో అప్పటికే వేసిన అంకెల మీద గీతలు కొట్టారు.

ఫలితాలు చదివేటప్పుడు ఏడో నంబరు షరతు తప్పింది కాబట్టి పోటీలో లేదని యారొమిల్ చెప్పాడు. వెనక వరసలో హానా లేచి నిలబడింది. హాప్స్ రైలుకట్ట పక్కన, పాత ఆరబోత కొట్టు వెనక కంచె మీద పాకిన తీగవని, రెండేళ్ళుగా అక్కడే కోస్తున్నానని చెప్పింది. తడుముకోకుండా, తప్పు లేకుండా, వాళ్ళ భాషలోనే చెప్పింది.

“రైలుకట్ట అంటోంది కదా, అమెరికా నుంచి రైల్లో దిగి ఉంటుంది,” అన్నారెవరో.

అందరూ నవ్వారు. వెండెలీన్ నవ్వలేదు. నవ్వనందుకు తర్వాత చాలాసేపు తనను తాను మెచ్చుకున్నాడు కూడా. హానా కాసేపు అతనివైపే చూసి కూచుంది. మొదటి బహుమతి తపాలా ఉద్యోగి బోర్జెక్‌కు వచ్చింది. అతని తల్లి అందరి బుగ్గలూ ముద్దుపెట్టుకుంది.

ఇంటికి వెళ్ళే దారిలో గిడ్డంగి ఉంది. తాళం తీసి, బల్లమీద కట్టలోంచి ఒక పచ్చ చీటీ చించాడు. హాప్ తోటలకు చుట్టుపక్కల పెరిగే అడవి తీగలను చూస్తే రాయాల్సిన చీటీ అది. మగ తీగ ఒక్కటి ఉన్నా దాని పుప్పొడి గాలికి ఎగిరి తోటల్లో పూలకు గింజలు కట్టిస్తుంది. గింజ కట్టిన పూలకు ధర ఉండదు. అందుకే చీటీ అందిన మూడు రోజుల్లో వేళ్ళతో సహా తవ్వేస్తారు. స్థలం: రైలుకట్ట, పాత కొట్టు వెనక కంచె. తేదీ. సంతకం. చివర్లో రెండు గళ్ళు ఉంటాయి. మగ తీగ, ఆడ తీగ. పూలు కోశానని ఆవిడ అంది. బీరుకు పనికొచ్చే పూలు పూసేది ఆడ తీగే. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఇది ఈ లోయలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏ గడిలోనూ గుర్తు లేకపోతే మగ తీగగానే లెక్క. అతను రెండు గళ్ళూ ఖాళీగా వదిలి చీటీని పెట్టెలో వేశాడు. నియమం ప్రకారం చెయ్యాల్సిందే చేశాననుకున్నాడు. అలా అనుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

*

ఆదివారం రొట్టె కోసం వెళ్తే హానా ఎప్పటిలాగే రొట్టె కాగితంలో చుట్టింది. దాని పక్కన ఒక చిన్న గోధుమరంగు సంచి పెట్టింది. మడత విప్పితే లోపల ఎండిన హాప్ పూలు, ఫ్రీజరులోంచి తీసినట్టున్నాయి, అంచులు చల్లగా ఉన్నాయి.

“పోయిన ఏడాదివి. మిగిలినవి ఇవే,” అంది. “వాసన చూడండి. ఇక్కడ కాదు, ఇంటికెళ్ళి.”

“నువ్వు కోపం పెట్టుకోకు హానా. నియమం అంటే నియమం.”

“కోపం లేదండీ. చూడమంటున్నాను, అంతే.”

ఆమె పద్నాలుగేళ్ళుగా అతన్ని మీరు అంటోంది. అతను పద్నాలుగేళ్ళుగా నువ్వు అంటున్నాడు. ఆ తేడా అతని చెవికి ఎప్పుడూ తగల్లేదు. ఆ పూట తగిలింది. తగిలినందుకు ఆమె మీదే కొంచెం విసుగు వచ్చింది.

ఇంట్లో భార్య ద్రాహా సంచి చూసి, ఊరికే పట్టుకు తిరగడమెందుకు, బీరులో వేసి చూడరాదా అంది. అతనికీ అదే తోచింది. ఏ హాప్ ఎలాంటిదో తెలుసుకోవాలంటే కొత్తగా బీరు కాచనక్కర్లేదు. ఏ వాసనా లేని చవక బీరు సీసాల మూత తీసి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం వేసి, మళ్ళీ మూత బిగించి, మూడు రోజులు వదిలేస్తే చాలు. బీరు కాచేవాళ్ళందరూ చేసే పనే. చలికాలమంతా అతని బట్టలుతికే గది అలాంటి సీసాలతోనే నిండి ఉంటుంది.

ఉత్తరాలు తూచే తక్కెడ తెచ్చాడు. నాలుగు కాగితాల మీద రెండేసి గ్రాములు తూచాడు. ఒకటి ఈ లోయది, గిడ్డంగి ముద్ర ఉన్నది. ఒకటి జర్మనీది. ఒకటి కాస్కేడ్, అమెరికాది, కిందటేడు తెప్పించుకొని ఫ్రీజరులో దాచుకున్నది. నాలుగోది హానా సంచిలోది. వాసన తగలకుండా నోటితో ఊపిరి పీలుస్తూ తూచాడు. పూలను రేకులు విడిపోయేలా నలిపి సీసామెడలోంచి ఒక్కొక్కటిగా లోపలికి తోశాడు. హాప్ తగలగానే బీరు పొంగి అతని మణికట్టు మీదుగా కారింది. నురుగు పైకి వస్తుండగానే మూత పెట్టి, బిగించే యంత్రం మీట నొక్కాడు.

“నంబర్లు నువ్వు వెయ్యి. నాకు చూపించకు,” అన్నాడు ద్రాహాతో.

“నంబర్లెందుకు, నువ్వు నా చేతిరాత చూసి కూడా కనిపెట్టేస్తావు.”

ఆమె లోపలికి వెళ్ళి అతని పాత ఉన్ని మేజోళ్ళు నాలుగు తెచ్చి సీసాలకు తొడిగింది. తర్వాత అతన్ని బయటికి పంపి, వరస మార్చి, గది తాళంచెవి ఆప్రన్ జేబులో వేసుకుంది.

*

కోత రోజులు. సోమవారం తెల్లవారేసరికే గిడ్డంగి ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. రైతులు బిగించి కట్టిన బేళ్ళ మధ్యలోంచి గుప్పెడు పూలు తీసి అతని ముందున్న నీలం కాగితం మీద పోస్తారు, టోపీ తీసి నిలబడతారు. అతను పది పన్నెండు పూలు దోసిట్లోకి తీసుకొని, రెండు చేతుల మధ్య చల్ల చిలికినట్టు నలుపుతాడు. చేతులు వేడెక్కి, పసుపుపచ్చ పొడి గీతల్లో ఇంకి జిగురు తేలాక ముక్కు దించుతాడు. అంతవరకు ఎవరూ మాట్లాడరు.

ఆ రెండు రోజులూ అతను ఒక విచిత్రమైన ఆశతో ముక్కు దించాడు. ఏమీ తెలియకపోతే బాగుండునని. అతనికి అరవై రెండేళ్ళు. తనకంటే ముందు ఆ బల్ల దగ్గర కూచున్న పెద్దాయనకు యాభై ఎనిమిదికే ముక్కు మొద్దుబారింది. ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు, పూలగుత్తి ఇచ్చి పంపారు. ముక్కు పోతే ఏడో గ్లాసు సంగతి తేలిపోయినట్టే. వయసు చేసిన పనికి మనిషిని ఎవరూ నిలదీయరు.

కానీ ముక్కు పోలేదు. ఒక బేలు ఎక్కువ వేడిలో ఆరిందని చెప్పాడు. ఆ రాత్రి మంట దగ్గర తన అల్లుడు కునుకు తీశాడని రైతు ఒప్పుకున్నాడు. ఇంకొకదాంట్లో రెండు తోటల పంట కలిసిందని చెప్పాడు. ఆ రైతు కాదు కాదని, చివరికి నవ్వేసి, “నీకు దణ్ణం పెట్టాలి వెండా, కుక్కకు కూడా ఇంత ముక్కుండదు,” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వెండెలీన్ కాగితం మడిచి, తరువాత ఎవరని అడిగాడు.

ఇంట్లో కూడా అదే వెతుకులాట. పులుసులో సోంపు ఎక్కువైందేమో, పాలు విరిగే దశలో ఉన్నాయేమో. ప్రతిదీ తెలుస్తూనే ఉంది. మంగళవారం భోజనం దగ్గర అతను చెంచా ముక్కు దగ్గర పెట్టుకొని అలాగే ఉండిపోతే ద్రాహా చూస్తూ కూచుంది.

“ఏమైనా ఉందా అందులో?”

“ఏం లేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.”

“ఆ మాట అంత దిగులుగా చెప్పేవాణ్ణి నిన్నే చూశాను,” అంది.

*

బుధవారం మధ్యాహ్నం గిడ్డంగి నుంచి తొందరగా వచ్చాడు. ద్రాహా గది తాళం తీసి, కిటికీ కింది బల్లమీద నాలుగు గ్లాసులు పెట్టింది. అతన్ని గోడవైపు తిరగమని సీసాలు వంచింది. మేజోళ్ళలోంచి బీరు పోస్తున్న చప్పుడు వింటూ, సున్నం పెచ్చు లేచిన గోడను చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో గ్లాసు ముందు ఎప్పుడూ భయపడలేదు.

“తిరుగు.”

మొదటిది ఎత్తగానే తెలిసింది. పుదీనా లాంటి చల్లదనం, కొంచెం పూల వాసన. జర్మనీది అన్నాడు. రెండోది ముక్కు దాకా తేవక్కర్లేకపోయింది. పంపరపనస తొక్క గోటితో గిల్లితే కళ్ళలోకి చిమ్మే రసం లాంటిది. కాస్కేడ్. దాన్ని కాసేపు అలాగే పట్టుకున్నాడు. శనివారం వెతికి వెతికి పట్టుకున్నానని అనుకున్నది ఇదే. ఇది వెతికితే దొరికేది కాదు, గది తలుపు తీసినప్పుడే ఎదురొస్తుంది. దీన్ని దేనిలోనూ దాచలేరు.

మూడోది ఈ లోయది, పై గట్టు తోటలది. అతను ఆ మాట చెప్పి నాలుగోది అందుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

మట్టి. ఎండుగడ్డి. మిరియం. గోనెసంచుల గాలి.

ద్రాహా గ్లాసు తుడిచే గుడ్డ చేతిలో నలుపుతూ నిలబడింది.

“ఇదీ మనదే,” అన్నాడు చివరికి. “పాత తీగ. ఎర్ర కాడది. కొత్త మొక్కలు వేయకముందు అన్ని తోటల్లోనూ ఇదే ఉండేది. ఇంకా ఎక్కడో బతికే ఉందన్నమాట.”

ద్రాహా మేజోడు లాగి సీసా చూసింది. మెడకు ఆనవాలుగా తాను ముందే కట్టి ఉంచిన ఎర్ర దారం చూసింది. అది ఎవరి సంచిలోదో అతనికి చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

“నీ ముక్కుకు ఏం కాలేదు వెండా,” అంది మెల్లగా.

ఆమె ఊరడింపుగానే అంది. ఆ మాటతో అతని కింద ఉన్నదేదో జారిపోయింది. ముక్కు శనివారం కూడా సరిగ్గానే చెప్పింది. మొదటిసారే చెప్పింది. దాని మాట కాదన్నది బూటు దగ్గర పడిన ఆకుపచ్చ మూత. మూత కూడా కాదు. మూత చూసి, అది ఎవరిదో తెలిసి, ఆ మనిషి దగ్గర మన హాప్ ఎలా ఉంటుందని అనుకొన్నవాడు. వాడు ఎప్పటినుంచో తన లోపలే కూచొని ఉన్నాడు. ఇంతవరకు ఏ గ్లాసుకూ వాడితో పని పడలేదు, అంతే.

గ్లాసు బల్లమీద పెట్టాడు. పెట్టాక చీటీ గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం నుంచి లెక్క వేసుకుంటూ వేళ్ళు మడిచాడు.

*

గురువారం పొద్దున రైలుకట్ట దగ్గరికి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడు. పాత కొట్టు వెనక కంచె నున్నగా ఉంది. దాని పొడవునా ఐదు గుంతలు, మోకాలి లోతున, అడుగున సున్నం చల్లి ఉంది. పక్కనే తీగలు కుప్ప వేసి కాల్చిన బూడిద, ఇంకా కొంచెం వెచ్చగా. కుప్ప అంచున కాలకుండా మిగిలిన జానెడు కాడ ఒకటి కనపడింది. ఎర్రగా ఉంది. దాని మీద పూలు పచ్చివి. ఇంకో రెండు వారాలకు కోతకు వచ్చేవి. అతను అలవాటుకొద్దీ ఒక పువ్వు తుంచి అరచేతిలో నలిపాడు. వాసన చూడకుండానే చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఐదు గుంతలూ వంగి చూశాడు. హాప్ వేరు గట్టిది, వేలెడు ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. అందుకే తవ్వేవాళ్ళు జల్లెడ పట్టి మరీ ఏరతారు. వాళ్ళకు ఆ పద్ధతి నేర్పినవాళ్ళలో అతనూ ఒకడు. ఏమీ మిగల్లేదు.

అక్కడినుంచి ఫైర్ స్టేషన్ హాల్లో ఉన్న యారొమిల్ దగ్గరికి వెళ్ళాడు. ఏడో నంబరుది మన హాపేనని, తీర్పు మార్చాలని చెప్పాడు. యారొమిల్ అంతా విని, పీపా మీద బోర్జెక్ పేరు రాసిన రంగు ఆరిపోయిందని, వాళ్ళమ్మ పక్క ఊళ్ళనుంచి చుట్టాలందరినీ పిలిచిందని అన్నాడు. ఆ కుర్రాడు చేసిన తప్పేమిటని అడిగాడు.

“నువ్వు పొరపడ్డావంటే రేపటినుంచి గిడ్డంగిలో ప్రతివాడూ నీతో బేరం పెడతాడు. అది ఆలోచించావా?” అన్నాడు యారొమిల్. “వచ్చే ఏడాది ఆవిడకే ఇద్దాంలే. ఊరుకో.”

వెళ్ళిపోబోతూ హాలు ఫ్రిజ్ తెరిచాడు. ఒక్కో పోటీదారు మూడేసి సీసాలు ఇచ్చారు. ఏడో నంబరువి రెండు తెరిచారు, ఒకటి వార్తాపత్రిక చుట్టుతోనే మిగిలి ఉంది. దాన్ని అడక్కుండా తన భుజాన సంచిలో వేసుకున్నాడు. దానికి కట్టిన కాగితం మీద ఆమె తన అసలు పేరు రాసుకుంది. ఫాం థి హ్వా. దారిలో ఆ పేరు రెండుసార్లు పెదాలతో పలికి చూశాడు.

హానా కొట్లో కొనేవాళ్ళెవరూ లేరు. ఆమె స్టూలెక్కి పైఅరలో సబ్బులు సర్దుతోంది.

“మీ హాప్స్ చూశాను,” అన్నాడు. మీరు అన్న మాట నోట్లో కొత్త పన్నులా తగిలింది. ఆమె చెయ్యి ఒక క్షణం ఆగింది, మళ్ళీ సర్దింది. “అవి మనవే. నేను చెప్పింది తప్పు.”

“తప్పు కాదు,” అంది ఆమె స్టూలు మీదినుంచే. “మీరు రెండుసార్లు చూశారు. మొదటిసారి కళ్ళు మూసుకున్నారు. అప్పుడు మీ ముఖం చూశాను. గెలిచాననుకున్నాను.”

అతను కౌంటరు అంచు పట్టుకున్నాడు. యారొమిల్ ఒప్పుకోలేదని, కానీ ఆమె పీపా ఉంటే రెండోదిగానైనా పండగలో తెరిపించే ప్రయత్నం చేస్తానని అన్నాడు. ఆమె దిగి, స్టూలు మడిచి గోడకు ఆనించింది. పీపా ఆదివారమే దొడ్లో ఒలకబోసి, కడిగి బోర్లించానని చెప్పింది. ముప్పై లీటర్లు. తాగడానికి ఎవరూ లేరని, కుంకుళ్ళా నురగ వచ్చిందని, పిల్లి భయపడి గోడెక్కిందని చెప్పింది. ఆ చివరి మాటకు కొంచెం నవ్వింది కూడా.

“కంచె దగ్గర తవ్వేశారు. చూశారా?” అని అడిగింది. “ఎవరో చీటీ రాశారట.”

అతను ఊ అన్నాడు. నోరు తెరిచాడు. అదే సమయానికి తలుపు గంట మోగి ఎవరో పాల కోసం వచ్చారు. వాళ్ళు వెళ్ళేదాకా ఉండవచ్చు. ఉన్నాడు కూడా. వాళ్ళు వెళ్ళాక ఆ మాట చెప్పలేదు. దాని బదులు, నన్నేం చెయ్యమంటారు అన్నాడు.

“అందరి ముందూ అన్నారు,” అంది ఆమె. “అందరి ముందూ చెప్పండి. అంతే.”

సీసా సంచిలోనే ఉండిపోయింది.

*

శనివారం చౌరస్తా నిండా బల్లలు, హాప్ తీగలతో కట్టిన తోరణాలు, బాకాల మేళం. ఆనవాయితీ ప్రకారం పీపా తెరిచే ముందు వాసన చూసే మనిషి వేదికెక్కి, కొత్త పంటలోంచి గుప్పెడు పూలు చేతుల్లో నలిపి, మైకు ముందు ‘ఇది మన హాప్’ అనాలి. అప్పుడు మేళం మొదలవుతుంది. వెండెలీన్ ఉతికిన తోలు ఆప్రన్ కట్టుకొని వేదికెక్కాడు. పీపా పక్కన బోర్జెక్, వాళ్ళమ్మ, యారొమిల్. వేదిక మీదినుంచి హానా కొట్టు తలుపు కనపడుతోంది. తెరిచే ఉంది. లోపలి చీకట్లో మనిషి ఉన్నదీ లేనిదీ తెలియడం లేదు.

పూలు నలిపాడు. ముక్కు దించాడు. ఎత్తి, మైకు దగ్గరికి జరిగాడు.

“పోయిన శనివారం ఏడో నంబరు బీరు మన హాప్ కాదని నేనన్నాను,” అన్నాడు. గొంతు లౌడ్‌స్పీకర్లలోంచి తిరిగి వచ్చి అతనికే తగిలింది. “అది మనదే. అన్నిటికంటే మంచిది. నా ముక్కుకు తెలిసింది. తెలిసి కూడా కాదన్నాను. అది” అని ఆగాడు. రెండు రోజులుగా పలికి చూసుకున్న పేరు నాలుక మీద కుదరలేదు. “అది హానాది,” అన్నాడు.

యారొమిల్ తన బూట్లవైపు చూసుకుంటున్నాడు. ఇంకో మాట ఉంది. కంచె, చీటీ, ఖాళీగా వదిలిన రెండు గళ్ళు. అతను ఊపిరి పీల్చాడు. అంతలో ముందు బల్ల దగ్గర ఒక ముసలి రైతు లేచి చప్పట్లు కొట్టాడు. పక్కవాడు కొట్టాడు. చూస్తుండగానే చౌరస్తా అంతా కొట్టింది. ‘మనిషంటే వీడు’ అని ఎవరో అరిచారు. బోర్జెక్ వచ్చి కావలించుకున్నాడు, అతని కళ్ళు చెమర్చి ఉన్నాయి. తల్లి బుగ్గమీద ముద్దుపెట్టింది. యారొమిల్ కూడా తేలికపడ్డ ముఖంతో వచ్చి చెయ్యి కలిపాడు. మేళం మొదలైంది. పీపాకు కుళాయి దిగ్గొట్టారు. మొదటి గ్లాసు ఆనవాయితీగా అతని చేతికే ఇచ్చారు.

ఆ చప్పట్లు బాగున్నాయి. అతనికి బాగున్నాయి. ఆ సంగతి తెలిసినప్పుడు చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

దాన్ని అక్కడే వదిలి, వేదిక దిగి, భుజాలు తడుతున్న చేతుల మధ్యలోంచి కొట్టుదాకా నడిచాడు. హానా వాకిట్లో మంచినీళ్ళ సీసాల కట్టలు విప్పుతోంది. పండగ రోజు అవే ఎక్కువ అమ్ముడుపోతాయి. అతను ఆమె వెనకే లోపలికి వెళ్ళి, సంచిలోంచి వార్తాపత్రిక చుట్టిన సీసా తీసి కౌంటరు మీద పెట్టాడు.

“చెప్పాను,” అన్నాడు.

“విన్నాను. చప్పట్లు కూడా వినిపించాయి.” ఆమె కత్తెరతో ఇంకో కట్ట తాడు కోసింది. “మీకే కదా.”

బయట మేళం ఒక పాట ముగించి ఇంకోటి ఎత్తుకుంది. అతను ఆప్రన్ అంచు చేతుల్లో నలిపాడు, పూలు నలిపినట్టే.

“చీటీ రాసింది నేనే,” అన్నాడు. “అది ఆడ తీగని తెలిసే రాశాను.”

ఆమె కత్తెర కింద పెట్టింది. చాలాసేపు అతన్ని చూసింది. పోయిన శనివారం హాల్లో కూచోబోయేముందు చూసిన చూపే. కోపం లేదు. ఏదో లెక్క సరిచూసుకొని, తను అనుకున్నదే వచ్చిందని తెలుసుకున్నట్టుంది.

“అది మైకులో చెప్పలేదు,” అంది.

“లేదు.”

“ఊ.”

ఆమె సీసా చుట్టూ ఉన్న కాగితం కొంచెం జరిపి ఆకుపచ్చ మూత చూసింది. ఆ తీగ బీరు ఈ భూమ్మీద ఇక ఇదొక్కటే. ఆమె తెరుస్తుందనీ, రెండు గ్లాసులు తెస్తుందనీ, కళ్ళు మూసుకోమంటుందనీ అతను ఎదురుచూశాడు. తను ఎదురుచూస్తున్నాడని అప్పుడే తెలిసింది.

“దీని వాసన నాకు తెలుసు,” అంది ఆమె. “మీకూ తెలుసు. ఇంక ఎవరికోసం తెరవాలి?”

గుమ్మంలోంచి ఇద్దరు పిల్లల తల్లి, “హానా, నీళ్ళున్నాయా చల్లవి?” అని కేకేసింది. ఆమె ఉన్నాయంటూ సీసాను కౌంటరు ఒక మూలకు జరిపి, నీళ్ళు అందుకోవడానికి వంగింది. వెండెలీన్ దారికి అడ్డంగా ఉన్నాడు. పక్కకు తప్పుకున్నాడు.